ఇల్లు అని నొక్కితే వచ్చే చోటు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, ఆస్పత్రుల సందు మొదట్లో, నా కారు ఎడమ పక్క అద్దం పగిలి ఉంది. ఏర్గట్ల నుంచి తెచ్చిన ఒక ముసలమ్మను డాక్టరు దగ్గర దింపి, ఎదురు హోటల్లో చాయ్ తాగి వచ్చేసరికి ఇదీ పరిస్థితి. సీటు నిండా గాజు పెంకులు. ముందు అద్దానికి రబ్బరు కప్పుతో అంటించి ఉండే దారి చూపే డబ్బా లేదు. దాని గుండ్రటి మచ్చ మాత్రం అద్దం మీద మిగిలింది. డాష్‌బోర్డు అర నోరు తెరుచుకుని ఉంది. అందులోని తోలు సంచి కూడా పోయింది.

నలుగురు పోగయ్యారు. పాన్‌డబ్బా ఆయన సున్నం చేతులతోనే వచ్చి, కారులోకి తొంగి చూసి, తీర్పు చెప్పాడు.

"డబ్బ ఈడనే ఇడిసిపెట్టి పోతరా డ్రైవర్ సాబ్? తీసి జేబుల వెట్టుకోవాలె. తీసినంక ఆ మచ్చ గూడ తుడవాలె. మచ్చ జూసిన్రంటే డబ్బ అరల ఉన్నదని ఎరుకైతది, అద్దం పల్గగొడ్తరు."

"నేను డ్రైవర్ను గాను," అన్నాను.

"మరెవరు?"

"కారు నాది. నేనే నడుపుకుంట."

"గదే గద డ్రైవరంటే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గాజు పెంకులు ఒక్కొక్కటి ఏరి కవర్లో వేస్తూ, పోయిన వాటిని మనసులో చూసుకున్నాను. సంచిలో ఆర్‌సీ జిరాక్సు, ఇన్సూరెన్సు కాగితం ఉన్నాయి. అవి పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. వాటితో పాటు మా ఊరి ఇంటి తాళం చెవి ఉంది. డబ్బాలోనేమో ఆ ఇంటికి తొవ్వ ఉంది.

ఆ డబ్బా కొన్న రోజు సంగతి ఇక్కడ చెప్పాలి. నాది బటన్ల ఫోను. వేలితో గీకే ఫోన్లు నాకు గిట్టవు. కానీ కారు కిరాయికి తిప్పడం మొదలుపెట్టాక ధర్మాబాద్ అవతలి పల్లెలకు, దెగ్లూర్ పక్క చేలల్లోకి కూడా పోవాల్సి వచ్చేది. అక్కడ కిటికీ దించి తొవ్వ అడగాలి. మా తాత సవారి బండిలో వస్తుంటే ఎదురొచ్చినవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. ఆయన మనవణ్ని నేను, దారి అడుక్కోవడం నాకు నచ్చలేదు. అందుకే డబ్బా కొన్నాను.

దుకాణదారు దాన్ని అద్దానికి అంటించి, నా ఫోనులోని పేర్లూ నంబర్లూ దాంట్లోకి ఎక్కించి, "పటేలా, ముందుగాల ఇల్లు ఏడున్నదో దీనికి చెప్పాలె. ఇంకేడికి వోయినా, ఇల్లు అని ఒక్కసారి నొక్కితే చాలు, మల్ల ఇంటికి తెస్తది," అన్నాడు. నిజామాబాద్‌లో నేనుండేది కిరాయి గదుల్లో. రెండు గదులు, ముందు ఇంకొకరి గోడ, వెనక ఇంకొకరి గోడ. వాటిని ఇల్లు అని నొక్కడానికి నా వేలు రాలేదు. "ఈడ గాదు," అని చెప్పి, కారు తీసుకుని బోధన్ దాటి మా ఊరికి పోయి, మా గేటు స్తంభాల మధ్య నిలబెట్టి, అక్కడ నొక్కాను. ఆర్‌సీలో కూడా ఆ ఊరి చిరునామానే ఉంది. మార్చుకోమని ఆఫీసుల్లో చాలామంది చెప్పారు. నేను మార్చలేదు.

మా ఇంటిని ఊళ్లో గడీ అంటారు. నిజానికి అది దొరల గడీ కాదు, పటేళ్ల లోగిలి. అయినా జనం ఇచ్చిన పేరును మేమెందుకు కాదనాలి? ఒకప్పుడు బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు బారులు తీరితే, మొదటి బారు మాది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. కాలువ నీళ్లు మా మడుల దాకా రాని ఏళ్లు వచ్చాయి. కోర్టు వ్యాజ్యాలు వచ్చాయి. ఇవన్నీ ఈ తట్టు అందరికీ జరిగినవే. మాకు కాస్త పెద్ద ఎత్తున జరిగాయి, అంతే. మా భూములు కొనుక్కున్న కోస్తా రైతులు వాటిని బాగానే చేసుకుంటున్నారు. వాళ్లను అనేదేమీ లేదు.

ఇప్పుడు ఆ లోగిట్లో పడమటి గోడ మొత్తం పడిపోయింది. గేటుకు స్తంభాలున్నాయి, తలుపులు లేవు. దర్వాజ, దాని వెనక ఒక హాలు, వంటిల్లు నిలబడి ఉన్నాయి. అందులో మా అక్క ఉంటుంది. నాకంటే చాలా పెద్దది. బావ పోయాక పుట్టింటికి వచ్చి, మళ్ళీ కదల్లేదు. మిగిలిన చెరుకు తోట తనే చూసుకుంటుంది. చెరుకు కోతల కాలంలో మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీల గుంపు మా వాకిట్లో గుడిసెలు వేసుకుని ఉంటుంది. అక్క వాళ్లకు చోటిస్తుంది, బావి నీళ్లిస్తుంది. వాళ్లతో ఆమెది మరాఠీ, వాళ్లది తెలుగు. ఎవరి భాష ఎవరికి వచ్చో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఇంటి పద్ధతులు కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా వాటి వల్లే జరిగింది. మా దర్వాజ పగటిపూట మూయరు. గడప దాటి వచ్చినవాడికి ముందు నీళ్లు, బెల్లం ముక్క. అది తినేదాకా ఎవరు, ఏమిటి, ఎందుకొచ్చావు అని అడగరు. వచ్చినవాడు అన్నం తినకుండా లేచిపోకుండా చెప్పులు దాచేవాళ్లు. మా నాయనమ్మ ఇందులో దిట్ట. చెప్పుల కాలం పోయి మోటారు సైకిళ్ల కాలం వచ్చాక అక్క బండి చాబీలు దాచడం మొదలుపెట్టింది. పెళ్ళి చూపులకు వచ్చినవాళ్లు, అప్పుల వాళ్లు, ఓట్లడగడానికి వచ్చినవాళ్లు, అందరూ ఆ చాబీ కోసం వెతుక్కుని, చివరికి విస్తరి ముందు కూర్చున్నవాళ్లే.

ఆ ఇంటి తొవ్వ, ఆ ఇంటి తాళం చెవి, అందులో ఒంటరిగా ఉండే అక్క ఫోన్ నంబరు, ఇప్పుడివన్నీ ఎవడో దొంగ చేతిలో ఉన్నాయి.

ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ మా పక్క ఊరివాడు. చిన్నప్పటి నుంచి నన్ను ఎరుగును.

"డబ్బల ఇల్లు అని ఏం పెట్టినవ్ పటేలా?"

"ఇల్లు అని ఇల్లే పెట్టిన."

తల పట్టుకున్నాడు. "ఎవరన్న ఇంటిని ఇల్లని పెడ్తరా? చౌరస్తా పెట్టుకోవాలె. పెట్రోల్ బంకు పెట్టుకోవాలె. ఆడిదాంక వచ్చినంక నీ ఇంటికి నీకు తొవ్వ తెల్వదా? నన్నడిగితే మా ఠాణానే పెట్టుకో. దొంగ సీదా ఈడికే వస్తడు, మాకు గూడ తిప్పల తప్పుతది."

"ఠాణాను నా ఇల్లని చెప్పుకునే గతి మా ఇంట్ల ఎవరికీ పట్టలే."

"మీ చిన్నతాత జైలుకు వోలేదా?"

"నిజాం మీదికి కొట్లాటకు దిగి జైలుకు వోయిండు. గది వేరే."

ఆయన నవ్వి, మళ్ళీ గంభీరమయ్యాడు. "డబ్బకు పిన్ నంబర్ పెట్టినవా? లేదు. ఫోన్ల ఉన్న పేర్లన్ని దాంట్లకు ఎక్కినయా? ఎక్కినయ్. అక్క నంబర్ ఏమని రాసుకున్నవ్?"

"అక్క అని."

"అయిపాయె. నువ్వు అక్క అని రాసుకుంటే వాడు గూడ అక్కా అనే పిలుస్తడు పటేలా. నీ పేరు జెప్తడు, నీ చాబి జూపెడ్తడు. నీ ఆర్‌సీల నీ బాపు పేరు గూడ ఉండె. ఇంకేం గావాలె వానికి? తలుపు వాడు పల్గగొట్టుడు ఎందుకు, ఇంట్లోళ్లే తీస్తరు."

ఫిర్యాదు రాసుకుంటూ ఆయన చిరునామా అడిగితే ఊరి పేరు చెప్పాను.

"గది గాదు పటేలా. రోజు పండే అడ్రస్ చెప్పు."

"పండేది ఏడనైతేంది? నా అడ్రస్ గదే. రాసుకో."

రాసుకున్నాడు.

ఠాణా మెట్ల మీద నిలబడి, డబ్బాలో నేను గుర్తు పెట్టుకున్న ఇళ్లన్నింటికీ ఫోన్ చేశాను. అవి నా కారెక్కే మనుషుల ఇళ్లు. ఎవరు ఏ రోజు ఆస్పత్రికి పోతారో, ఏ ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆ దొంగకు కూడా తెలిసినట్టే అనుకున్నాను. నా పేరు చెప్పి ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని, నా గొంతు వింటేనే నమ్మమని చెప్పాను. నవీపేట్ పసుపు రైతు ఒకాయన, "నీ గొంతు ఎవనికి వస్తది పటేలా? కిరాయి అడిగినా హుకుం జేసినట్టే ఉంటది," అన్నాడు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

చివరికి అక్కకు చేశాను.

"అక్కా, జరంత ఇనుకో. నా కారుల దొంగలు పడ్డరు. మన ఇంటి చాబి వోయింది. తొవ్వ గూడ వాళ్లకు ఎరుకైంది. తాళమేసి నాలుగొద్దులు ఎవరింట్లనన్న ఉండు."

"ఏ తాళమేయాలె?"

"మన తాళమే."

"దాని చాబి వాళ్ల తాన ఉన్నదంటివి. వాళ్ల తాన చాబి ఉన్న తాళమేసి, ఇల్లిడిసి నేను బయటికి వోవాల్నా? మంచిగనే ఉన్నది నీ తెలివి."

"గందుకే వేరే ఇంట్ల..."

"నేనెందుకు వోవాలె తమ్మీ? దొంగతనం జేసింది నేనా?"

ఫోన్ పెట్టేశాను. ముసలమ్మను వేరే కారులో ఏర్గట్లకు పంపించి, పగిలిన అద్దంతోనే బోధన్ తొవ్వ పట్టాను. ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయాను. అద్దం లేని కిటికీలోంచి దుమ్ము, చెరుకు ఆకు పొట్టు లోపలికి కొడుతూనే ఉన్నాయి. ఆ ట్రాక్టర్లు మూతపడిన ఫ్యాక్టరీ పొగగొట్టం పక్క నుంచే, ఎక్కడో దూరాన ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి పోతున్నాయి. ఎప్పుడు చూసినా ఈ దృశ్యం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ రోజు ఇంకా ఎక్కువ తెప్పించింది.

బోధన్‌లో ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆగాను.

"తాళంకప్ప ఇయ్యి. నీ దుకాణంల అన్నిటికంటే పెద్దది."

"దేనికి పటేలా?"

"గడీకి."

దుకాణం ఆయన బల్ల మీద చేతులు ఆనించి నా వైపు వంగాడు. "దర్వాజకు తాళమేస్తవ్, సరే. పడమటి గోడ కూలినకాడ ఏమేస్తవ్?"

అక్కడ మేకులు కొంటున్న ఇద్దరు ముసిముసిగా నవ్వారు.

"గోడ కూలినకాడికెళ్లి మేకలు వస్తయ్," అన్నాను. "మా ఇంటికి వచ్చే మనిషి దొంగైనా సరే, దర్వాజ నుంచే వస్తడు."

ఆ మాట అప్పుడు రోషంతో అన్నాను. అదే నిజమవుతుందని నాకేం తెలుసు?

అక్క తాళంకప్పను చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"దీంతోని మనిషిని సంపొచ్చు."

"తలుపుకు వెయ్యడానికి తెచ్చిన."

"బాపు ఉన్నన్నొద్దులు పగటీలి ఈ దర్వాజ మూసినమా?"

"అప్పుడు ఇంటినిండ మంది ఉండిరి అక్కా."

"ఇప్పుడు లేరా? అగో సూడు." వాకిలి వైపు చెయ్యి చూపింది. గుడిసెల ముందు ఆడవాళ్లు రొట్టెలు కాలుస్తున్నారు. విప్పిన ఎద్దులు చెరుకు కొసలు నములుతున్నాయి.

"వాళ్లు మన మంది గాదు."

"మన నీళ్లు తాగుతున్నరు. ఇంకెవరి మంది?"

వాదనలో అక్కను గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు, కోర్టులో మా మీద గెలిచినవాళ్లు చాలామంది ఉన్నారు గాని. పాత తాళం తీసి కొత్తది కొండికి తగిలించి, దాని చెవి అక్క చేతికిచ్చాను. కూలీల గుంపు పెద్దను పిలిచి విషయం చెప్పాను. వాళ్లు అతన్ని ముకద్దం అంటారు. బక్క మనిషి, తలకు తెల్ల రుమాలు, మాట తక్కువ. నేను చెప్పిందంతా విని, ఒక్కసారి తల ఊపి పోయాడు. విన్నాడో లేదో అనిపించింది.

మరునాడు నవీపేట్‌కు ఒక కిరాయి ఒప్పుకుని ఉన్నాను. పోనని చెప్పబోయాను. "మాటిచ్చినవ్, పో. నీకోసం వాళ్లు తొవ్వ సూస్తుంటరు. నేనేడికి వోత? ఈడనే ఉంట," అంది అక్క. మాట తప్పడం కూడా మా ఇంట్లో లేదు. పోయాను.

నవీపేట్‌లో మనిషిని దింపి కారు తిప్పుతుండగా ఫోన్ మోగింది. అక్క. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"తమ్మీ, నువ్వు పంపిన మనుషులు వచ్చిన్రు."

"నేనెవర్నీ పంపలే!"

"గది నాకెర్క లేదా? ఇద్దరు వచ్చిన్రు. నీ కారు తొవ్వల ఖరాబైందట. బీరువల కాయిదాలు తెమ్మన్నవట. గుర్తుకు చాబి గూడ ఇచ్చి పంపినవట. చాబి మనదే, సూసిన."

కారు రోడ్డు పక్కకు ఆపాను. "అక్కా, నువ్వేడున్నవ్?"

"వంటింట్ల ఉన్న. కూర పోపేస్తున్న."

"వాళ్లేడున్నరు?"

"హాల్ల కూసున్నరు. బెల్లం తిన్నరు, నీళ్లు తాగిన్రు. అన్నానికి ఆకులేసిన. పోతమంటున్నరు గని, ఎట్ల వోతరు? బండి చాబి నా కొంగుల ముడేసి ఉన్నది."

ఫోన్ పెట్టేసింది.

హెడ్ కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాను. బోధన్ ఠాణాకు తను చెప్తానని, తనూ బయల్దేరుతున్నానని అన్నాడు. ఆ దారిలో నేను కారు ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. ఎదురొచ్చిన ప్రతి మోటారు సైకిల్ మీద ఇద్దరు మగవాళ్లు ఉంటే, పని ముగించి పోతున్నది వాళ్లేనేమో అనిపించింది. అక్క ముఖం కళ్ల ముందుకు వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు తోశాను. ఎవడైనా ఆమె మీద చెయ్యి వేసి ఉంటే ఏం చేయాలో అన్నీ అనుకున్నాను. అవి ఇక్కడ రాయను.

గేటు దగ్గర కారు ఆపాల్సి వచ్చింది. స్తంభాల మధ్య చెరుకు కూలీల ఎడ్లబండి అడ్డంగా నిలిపి ఉంది. పడమటి గోడ కూలిన చోట ఇంకొకటి. మధ్యాహ్నం పని మాని గుంపంతా వాకిట్లోనే ఉంది. మగవాళ్లూ ఆడవాళ్లూ దర్వాజ మెట్ల నుంచి హాలు గోడల దాకా వరసగా కూర్చుని, చెరుకు నరికే కత్తులు నింపాదిగా రాళ్ల మీద నూరుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనడం లేదు. రాళ్ల మీద ఇనుము రాపిడి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ముకద్దం లేచి లోపలికి చూసి కేకేశాడు. "బాయీ, మాలక్ ఆలే!"

యజమాని వచ్చాడని దాని అర్థం. ఆ మాట విని చాలా ఏళ్లయింది. నేను నిటారుగా లోపలికి నడిచాను.

హాలు మధ్యలో రెండు విస్తరాకులు. ఒకదాని ముందు తెల్ల చొక్కావాడు, మెడలో ఏదో కార్డు వేలాడుతోంది. రెండో దాని ముందు ఒకడు హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ముప్పై దాటిన మనుషులే. ఇద్దరి ముఖాల మీద చెమటలు. అక్క గరిటెతో పప్పు వడ్డిస్తోంది.

"ఇగో, గీయననే నా తమ్ముడు," అంది వాళ్లతో. "మిమ్ముల పంపినాయన. గుర్తువట్టలే?"

తెల్ల చొక్కావాడి ముద్ద నోటి దగ్గర ఆగింది.

"తినుండ్రి, తినుండ్రి. ముద్ద చేతుల వట్టుకొని ఆగొద్దు."

"నా కారు ఏడ ఖరాబైంది?" అని అడిగాను.

"అన్నా, జర..." అన్నాడు హెల్మెట్ వాడు.

"నేను నీకు అన్నను గాను."

"అమ్మా, చాబి ఇయ్యి, పోతం," అన్నాడు అక్క వైపు తిరిగి. ఏడుపు గొంతు.

"పెరుగు తినకుంట వోతరా? మా ఇజ్జతేం గావాలె?"

గోడ పక్కన కూర్చున్న ఒకావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే. వాళ్ల కాళ్ల దగ్గరున్న సంచి మూతి తెరిచి చూశాను. నా డబ్బా ఉంది. ఇంకెవరివో అలాంటివే మరో రెండు ఉన్నాయి.

అప్పుడు తెల్ల చొక్కావాడు, ఎలాగూ దొరికిపోయామన్న మొండితనంతో, కూలిన గోడ వైపు చూసి నవ్వాడు. "గడీ అంటే ఏమో అనుకొని వచ్చినం. ఈడ ఎత్కపోనీకి ఏమున్నది?"

నా చెయ్యి దానంతటదే లేచింది.

"తమ్మీ!" అక్క గొంతు. "ఆకు ముందట కూసున్నోని మీద చెయ్యి లేపుతవా? బాపు జూస్తే ఏమంటుండె?"

చెయ్యి దించాను. కష్టంగానే దించాను. అక్క వాడి వైపు తిరిగింది.

"ఏం లేకుంటే ఎందుకు వచ్చినవ్ రా? ఇల్లని నొక్కితే ఆ డబ్బ నిన్ను ఈడికే తెచ్చింది గద. అది అబద్ధం జెప్పలే. నీకే కండ్లు లేవు."

వాడు తల దించుకుని పప్పన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

జీపు వచ్చింది. హెడ్ కానిస్టేబుల్, బోధన్ పోలీసులు ఇద్దరు బండిని పక్కకు నెట్టించి లోపలికి వచ్చారు. "లేవుండ్రి రా," అని ఒక పోలీసు ముందుకు వచ్చాడు. అక్క గరిటె అడ్డం పెట్టింది.

"ఆగు. మజ్జిగ మిగిలింది."

"అమ్మా, వీళ్లు దొంగలు."

"నీకంటే ముందుగాల నాకే ఎరుకైంది. దొంగలైతేంది? ఈ ఇంట్ల ఆకు ముందటికెళ్లి ఎవర్ని లేపలే. ఇయ్యాల లేపనియ్య. నువ్వు గూడ కూసో. ఎండల వడి వచ్చినవ్, బెల్లం తిని నీళ్లు తాగు."

పోలీసు మా హెడ్ కానిస్టేబుల్ వైపు చూశాడు. ఆయన టోపీ తీసి, అరుగు మీద కూర్చుని, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. "కూసో," అన్నాడు మిగతావాళ్లతో. "ఈ ఇంట్ల తప్పదు, తినాల్సిందే." దొంగలు మజ్జిగ పోసుకుని తిన్నారు. పోలీసులు బెల్లం తిన్నారు. కూలీలు కత్తులు నూరుకున్నారు. చేతులు కడుక్కున్నాక తెల్ల చొక్కావాడు తన విస్తరి తీయబోతే, అక్క వద్దంది. తిన్నవాడు ఆకు తియ్యడం మా ఇంట్లో లేదు. ఆ తర్వాతే బేడీలు.

"అమ్మ చేతి పప్పు మంచిగ యాది పెట్టుకోండ్రి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వాళ్లను జీపెక్కిస్తూ. "ఇగ చానొద్దులు నీళ్లచారే."

వాళ్లు పోయాక అక్కను అడిగాను, ఎప్పుడు కనిపెట్టావని.

"వచ్చే ముందుగాల వాడు ఫోన్ జేసి అక్కా అన్నప్పుడే. మీ తమ్ముడు పంపిండు, కాయిదాలు ఇయ్యమన్నడు అన్నడు. నువ్వు జిందగిల నా తానికి మనిషిని పంపి ఏమన్న అడిగినవా? నీకు ఏమన్న గావాల్నంటే నువ్వే వచ్చి, వాకిట్ల కట్టె తీర్గ నిలవడి, అడగలేక అడుగుతవ్. నువ్వు మందిని పంపినవంటే నేనెట్ల నమ్ముత? రమ్మన్న. వాళ్లు వచ్చేలోపట ముకద్దంకు కబురు జేసిన. పప్పు ఎసరు పెట్టిన."

నా మొండితనాన్ని అక్క జీవితమంతా వెక్కిరించింది. ఆ రోజు కూడా వెక్కిరిస్తున్నట్టే చెప్పింది.

ఈ సంగతి బోధన్‌లో, నిజామాబాద్‌లో నలుగురి నోళ్లలో నానింది. అదృష్టం బాగుండి అక్క బతికిపోయిందని అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇనుప సామాన్ల దుకాణం ఆయన మాత్రం, "దర్వాజ నుంచే వచ్చిన్రట గద పటేలా," అన్నాడు. "మరేమనుకున్నవ్?" అన్నాను.

డబ్బా కొన్నాళ్లు కోర్టు కింద ఉండి, తిరిగి నా చేతికి వచ్చింది. ఇప్పుడు కారు దిగితే దాన్ని జేబులో వేసుకునే దిగుతాను. అద్దం మీది మచ్చ గుడ్డతో తుడుస్తాను. దానికి పిన్ నంబరు పెట్టాను. ఫోన్‌లోని పేర్లు దానికి ఎక్కనివ్వను. ఎవరి ఇంటినీ అందులో గుర్తు పెట్టుకోను. అర ఖాళీగా, అందరికీ కనపడేలా తెరిచే ఉంచుతాను. నన్ను నమ్మి కారెక్కిన మనుషుల గుమ్మాలు ఎవడికో చూపించే హక్కు నాకు లేదు. ఖలీల్‌వాడి పాన్‌డబ్బా ఆయన నేను మచ్చ తుడవడం చూసి, "ఇప్పుడు నేర్చుకున్నరు డ్రైవర్ సాబ్," అంటాడు. నేను డ్రైవర్ను కానని ఇప్పటికీ చెప్తూనే ఉన్నాను.

డబ్బా తిరిగి వచ్చిన రోజు తెరిచి చూస్తే మొదట కనపడింది ఇల్లు అన్న గుర్తే. హెడ్ కానిస్టేబుల్ మాట గుర్తొచ్చి చౌరస్తా పెడదామా అనుకున్నాను. పెట్టలేదు. ఇల్లు అన్నది దాంట్లోంచి మొత్తానికే తీసేశాను. ఇప్పుడు నొక్కితే ఇల్లు ఎక్కడో చెప్పమని నన్నే అడుగుతుంది. చెప్పను. మా ఇంటికి తొవ్వ నాకు ఇంకొకరు చూపించనక్కర లేదు. ఆర్‌సీలో మాత్రం చిరునామా అదే ఉంది. అది మారదు.

మొన్న ఊరికి పోయి చూస్తే, అప్పుడు నేను తెచ్చిన తాళంకప్ప కొండికి లేదు. రాత్రి పూట అక్క లోపలి నుంచి గడియ పెట్టుకుంటుంది, అంతవరకు ఒప్పుకుంది. తాళంకప్ప ఏమైందని అడిగితే కింద చూడమంది. కోతలయ్యాక ఇటు పొలాల మీదుగా గాలి బాగా వీస్తుంది, దర్వాజ రెక్క కొట్టుకుంటుంది. రెక్క మూసుకుపోకుండా ఆ తాళంకప్పను తలుపు కింద అడ్డం పెట్టింది.